జవాబుతో పాటు ఆధారాన్నీ అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక పిల్లల పేజీలో ప్రతి వారం విజ్ఞానశాస్త్ర ప్రశ్నలకు చోటు ఇస్తున్నందుకు ముందుగా నా ధన్యవాదాలు. నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయి, ఆవులింతలు ఎందుకొస్తాయి, చెమట ఎందుకు పడుతుంది, సూర్యుడిలో ఏముంది అని పిల్లలు ఉత్తరాలు రాసి మరీ అడుగుతున్నారంటే, ఆ ప్రశ్నలను ఓపికగా వినే చోటు వాళ్ళకు మీ పేజీలో దొరికిందన్న మాట. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నేను ఆ పేజీని ఒక్క ముక్క వదలకుండా చదువుతాను, ఆ చదువరిగానే ఈ లేఖ రాస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. జవాబు ఏమిటో చెప్పి ఊరుకోకుండా, ఆ సంగతి మనుషులకు ఎలా తెలిసిందో కూడా చెప్పండి. ఇంట్లోనో బడిలోనో చేసి చూసుకోగలిగినది ఏదైనా ఉంటే దాన్నీ చెప్పండి.

ఇప్పుడు వస్తున్న జవాబులు చాలావరకు సరైనవే. సూర్యుడిలో ఎక్కువగా ఉన్నవి హైడ్రోజన్, హీలియం అని రాస్తే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ వాక్యం చదివిన తెలివైన పిల్లకు వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది: ఎవరూ అడుగు పెట్టని, పెట్టలేని చోట ఏముందో ఇక్కడ కూర్చుని ఎలా చెప్పగలిగారు? ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరకకపోతే మొదటి జవాబు ఆమెకు పెద్దలు చెప్పిన అనేక మాటల్లో ఇంకొక మాటగా మిగిలిపోతుంది. అదే పత్రికలో రాశిఫలాలు కూడా అంతే నిశ్చయమైన వాక్యాలతో అచ్చవుతున్నాయి. రెండూ ఒకే గొంతుతో, ఆధారమన్నది లేకుండా పలికితే, ఏది పరీక్షకు నిలిచిన మాటో ఏది కాదో పదకొండేళ్ళ పిల్ల ఎలా పోల్చుకుంటుంది?

సూర్యుడి విషయమే తీసుకుందాం. ఈ కథలో సగం మన నేల మీదే జరిగింది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు జిల్లాల మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి మకాం వేశారు. మద్రాసు వేధశాల ఖగోళవేత్త నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం చేరారు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో అంచు నుంచి పైకి ఎగసే ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. ఆ జ్వాలల వెలుగును జాన్సెన్ వర్ణపటంగా, అంటే ఇంద్రధనుస్సులా విడివిడి రంగులుగా, విడదీసి చూస్తే అందులో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అవి ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడు ఉదయం పరికరాన్ని మళ్ళీ సూర్యుడి అంచుకు గురిపెట్టి నిజంగానే చూశారు. అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా గ్రహణంతో పని లేకుండా అవే గీతలను చూశారు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్‌లోని విజ్ఞాన పరిషత్తులో ఒకే రోజున చదివారు.

ఆ గీతలలో పసుపు పచ్చని గీత ఒకటి ఉంది. మొదట అందరూ దాన్ని సోడియం అనుకున్నారు. అలా అనుకోవడానికి కారణమూ ఉంది. ఉప్పు వేసిన నీళ్ళు పొంగి గ్యాస్ పొయ్యి మీద పడినప్పుడు నీలి మంట ఒక్కసారిగా పసుపు పచ్చగా మారడం వంటింట్లో అందరం చూసేదే. అది ఉప్పులోని సోడియం ఇచ్చే రంగు. వేడెక్కిన ప్రతి మూలకం తనకు మాత్రమే చెందిన రంగులను వెదజల్లుతుందని జర్మనీలో కిర్కాఫ్, బున్‌సెన్ అంతకు కొన్నేళ్ళ ముందే నిరూపించారు. వంటింటి మంటలో ఉన్న సోడియమే సూర్యుడిలోనూ ఉందేమోనన్న ఊహ అందుకే కలిగింది. అయితే జాగ్రత్తగా కొలిచి చూస్తే సోడియం గీతలు రెండూ 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (వెలుగు రంగును తెలిపే కొలత) దగ్గర ఉంటే, సూర్యుడిలోని కొత్త గీత 587.5 దగ్గర ఉంది. తేడా నానోమీటరున్నర మాత్రమే. ఆ కొద్ది తేడాను అలక్ష్యం చేయకపోవడం వల్లనే భూమి మీద అప్పటికి ఎవరూ చూడని కొత్త మూలకం ఉందని తేలింది. గ్రీకు సూర్యదేవుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. దాన్ని నమ్మని శాస్త్రవేత్తలూ ఉన్నారు. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూసేదాకా, అంటే దాదాపు 27 ఏళ్ళ పాటు, ఆ మూలకానికి ఉన్న ఉనికి సూర్యుడి వెలుగులోనే.

సూర్యుడిలో హైడ్రోజన్ మిగతా అన్నింటికంటే ఎంతో ఎక్కువ ఉందన్న సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. నక్షత్రాల వేడికీ వాటి వర్ణపటంలోని గీతలకూ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టడానికి మన భౌతికశాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణాన్ని ఆధారం చేసుకుని, సెసిలియా పేన్ అనే యువతి 1925లో తన పరిశోధన గ్రంథంలో ఆ లెక్క కట్టారు. ఆ కాలపు పెద్ద ఖగోళవేత్త హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నారు. ఆయన మాట మీద ఆమె తన ఫలితం బహుశా నిజం కాదని తన గ్రంథంలోనే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళ తరవాత వేరే దారిలో లెక్కించి రసెల్ కూడా అక్కడికే చేరుకుని, ఆమె చెప్పినదే నిజమని ఒప్పుకున్నారు. "హైడ్రోజన్, హీలియం" అన్న రెండు మాటల జవాబు వెనక గుంటూరు ఉంది, వంటింటి మంట ఉంది, కలకత్తాలో చదువుకున్న సాహా ఉన్నారు, పెద్దవాళ్ళు కాదన్నా నిలిచిన ఒక యువతి లెక్క ఉంది. ఇవన్నీ వదిలేసి రెండు మాటలే అచ్చు వేస్తే పిల్లలకు ఎంత నష్టమో ఆలోచించండి.

ఇక శరీరం సంగతి. మలేరియా దేనివల్ల వస్తుంది అని అడిగితే దోమకాటు వల్ల అని మూడో తరగతి పిల్లలు కూడా చెబుతారు. ఆ జవాబు దొరికినది మన జంట నగరాల్లోనే అని మాత్రం చాలామందికి తెలియదు. చిత్తడి నేలల నుంచి లేచే చెడ్డ గాలి వల్ల ఈ జ్వరం వస్తుందని శతాబ్దాల పాటు జనం నమ్మారు. అది పూర్తిగా తెలివితక్కువ నమ్మకం కాదు, ఎందుకంటే చిత్తడికి దూరంగా ఉన్న ఇళ్ళలో జ్వరాలు నిజంగానే తక్కువ. చూసినది సరైనదే, కారణమే వేరు. నీరు నిలిచిన చోట దోమలు పెరుగుతాయని అందరికీ తెలిసినా, దోమకూ జ్వరానికీ మధ్య ఉన్న లంకెను కళ్ళతో చూసినవారు అప్పటికి లేరు.

సైన్యంలో వైద్యుడిగా ఉన్న రోనాల్డ్ రాస్ రెండేళ్ళ పాటు వందలకొద్దీ దోమలను కోసి సూక్ష్మదర్శిని కింద వెతికారు. ఫలితం లేకపోయింది. ఆయన పరీక్షించినవి మలేరియాను మోయని జాతుల దోమలు కావడమే అందుకు కారణం. 1897 ఆగస్టులో ఆయనకు రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించారు, అందుకు అతనికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆ దోమలలో ఒకదాన్ని కోసి చూస్తే, దాని కడుపు గోడలో అంతకు ముందు ఏ దోమలోనూ కనిపించని గుండ్రని కణాలు, వాటిలో మలేరియా పరాన్నజీవికి ప్రత్యేకమైన నల్లని రేణువులు కనిపించాయి. ఆ రోజుల్లో పంకా వేసుకుంటే కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే పనిచేశారు. నుదుటి నుంచీ చేతుల నుంచీ కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ కడుపు నుంచి లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా ఇంకొక పక్షికి సోకుతుందని చూపించారు. అనాఫిలిస్ (ఆ మచ్చల రెక్కల రకం) దోమ ద్వారా మనిషికి సోకే తీరును అదే కాలంలో ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీ, ఆయన సహచరులు నిర్ధారించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఇందులో పిల్లలు నేర్చుకోవలసినది దోమ పేరు ఒక్కటే కాదు. రెండేళ్ళు ఫలితం రాకపోతే ఊహ తప్పా, వెతికే చోటు తప్పా అని ఎలా తేల్చుకోవాలి? కడుపు గోడలో కణం కనిపించినంత మాత్రాన అదే కాటు ద్వారా జ్వరం తెస్తుందని రుజువైనట్లేనా? కానందువల్లనే రాస్ ఇంకో ఏడాది పనిచేయవలసి వచ్చింది. ఈ మెట్లు చదివిన పిల్లలు రేపు ఎవరో ఒక పొడి తిని తన షుగరు తగ్గిందని చెబితే, ఆ పొడి వల్లనే తగ్గిందని ఎలా తెలుసు అని అడగగలుగుతారు. మన ఊళ్ళో ఇంతకంటే అవసరమైన విద్య ఇంకొకటి ఉందని నేను అనుకోను.

నిత్యజీవితంలోని ప్రశ్నలకైతే ఆధారం ఇంట్లోనే ఉంటుంది, అందుకే అవి నాకు మరీ ఇష్టం. మే నెలలో హైదరాబాద్‌లో 41 డిగ్రీలున్నా నీడపట్టున కూర్చుంటే తట్టుకోగలుగుతాము. అదే రోజున విశాఖపట్నంలో 36 డిగ్రీలే ఉన్నా ప్రాణం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఉష్ణోగ్రత తక్కువగా ఉన్న చోట బాధ ఎందుకు ఎక్కువ? చెమట ఒంటిని చల్లబరిచేది కారినందువల్ల కాదు, ఆవిరైనందువల్ల. చర్మం మీద ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైపోతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. అరవై కిలోల మనిషి ఒంటి వేడిని పది డిగ్రీలకు పైగా పెంచడానికి సరిపోయే వేడి అది. హైదరాబాద్ ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది కనుక చెమట పట్టిందని తెలియకముందే ఆవిరైపోతుంది. సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక విశాఖలో చెమట కారి నేలపాలవుతుందే తప్ప వేడిని తీసుకుపోదు. రంజన్‌లో నీళ్ళు ఇక్కడ బాగా చల్లబడి, తీరప్రాంతంలో అంతగా చల్లబడకపోవడానికీ, కూలర్లు ఇక్కడ పనిచేసి అక్కడ గదిని మరింత జిగటగా మార్చడానికీ కారణం ఇదే. బడి ప్రయోగశాలలోని రెండు ఉష్ణమాపకాలు తీసుకుని, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో ఫ్యాను గాలికి ఉంచితే చాలు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో వాటి మధ్య తేడా పది డిగ్రీలకు మించి కనిపిస్తుంది, వాన కురిసిన రోజున ఆ తేడా కుంచించుకుపోతుంది. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదని కూడా రాయాలి, లేకపోతే పిల్లలు దానితోనే ప్రయత్నిస్తారు.

వడదెబ్బ వార్తలు వేసే రోజుల్లో ఈ వివరణ పక్కనే ఉంటే, గాలిలో తేమను బట్టి ప్రమాదం ఎలా మారుతుందో పెద్దవాళ్ళకూ అర్థమవుతుంది. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయన్న పాఠం కూడా మన ఊరికి అక్షరాలా వర్తించదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో గాలి పీడనం కొంత తక్కువ కనుక నీళ్ళు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. అదే ప్రయోగశాల ఉష్ణమాపకంతో ఇది కూడా చూడవచ్చు.

తప్పు జవాబులు ఎలా నిలబడిపోతాయో చెప్పడానికి ఎండాకాలాన్ని మించిన ఉదాహరణ లేదు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందని చదువుకున్నవారు కూడా చెబుతారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, మనం సంక్రాంతి కోసం ఎదురుచూస్తూ దుప్పట్లు కప్పుకునే రోజుల్లో. అప్పుడు దూరం దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. బోనాల సమయానికి అటూ ఇటూగా, జులై మొదటి వారంలో, అది 15.2 కోట్ల కిలోమీటర్లకు పెరుగుతుంది. దూరమే కారణమైతే భూమి అంతటా ఒకేసారి వేసవి రావాలి. డిసెంబరులో ఆస్ట్రేలియాలో జరిగే క్రికెట్ మ్యాచ్‌లను టీవీలో చూసే పిల్లలకు అక్కడ అప్పుడు మండు వేసవి అని ముందే తెలుసు. ఆ ఒక్క సంగతి గుర్తు చేస్తే చాలు, తప్పు జవాబు దానంతటదే పడిపోతుంది. అసలు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం, దానివల్ల ఏడాది పొడవునా ఎండ పడే కోణమూ పగటి నిడివీ మారడం.

ఈ కోణాన్ని హైదరాబాద్ వాసులు కంటితో చూడగలిగే రోజులు ఏటా రెండు వస్తాయి. మధ్యాహ్నం అనగానే నడినెత్తిన సూర్యుడు అంటాము గానీ, 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న మన నగరానికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి. మేలో మధ్యాహ్నం పన్నెండు గంటల పన్నెండు నిమిషాలకు, ఆగస్టులో పన్నెండు గంటల ఇరవై మూడు నిమిషాలకు, నిటారుగా నిలబెట్టిన కర్రకు పక్కకు నీడ పడదు. రెండు రోజులూ సూర్యుడు ఒకే కోణంలో ఉన్నా మేలో నిప్పులు చెరిగి ఆగస్టులో అంత వేడి లేకపోవడానికి కారణం మబ్బులు, తడిసిన నేల. ఆకాశంలోని లెక్కకూ నేల మీది వాతావరణానికీ ఉన్న తేడా ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు.

నీడ లేని రోజున ఫొటోలు వేసి ఊరుకోవడం వల్ల ఒక మంచి అవకాశం చేజారిపోతోంది. దాదాపు నేరుగా మనకు ఉత్తరాన నాగపూర్ ఉంది. మన దగ్గర నీడ మాయమయ్యే ఆ మధ్యాహ్నమే అక్కడ మీటరు పొడవున్న కర్రకు ఉత్తరం వైపు దాదాపు ఆరున్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది. అంటే సూర్యుడు నడినెత్తికి 3.75 డిగ్రీల దూరంలో ఉన్నాడు. రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 420 కిలోమీటర్లు. 3.75 డిగ్రీలకు 420 కిలోమీటర్లయితే పూర్తి వృత్తానికి, అంటే 360 డిగ్రీలకు, ఎంత అని త్రైరాశికం కడితే 40,300 వస్తుంది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల చిల్లర. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో సయీన్, అలెగ్జాండ్రియా నగరాల మధ్య చేసినది సరిగ్గా ఈ లెక్కే. నాగపూర్‌లో కొలిచినవారు ఆరు సెంటీమీటర్లు అంటే చుట్టుకొలత 44,000 అవుతుంది, ఏడు అంటే 38,000 అవుతుంది. కొలతలో అర సెంటీమీటరు తేడా భూమి పరిమాణాన్ని ఎంతగా మార్చివేస్తుందో పిల్లలు తమ కాగితం మీదే చూసుకుంటారు. అదే రోజున చెన్నైలో నీడ దక్షిణం వైపు పడుతుంది. తెలుగువారు నాగపూర్‌లోనూ ఉన్నారు, చెన్నైలోనూ ఉన్నారు. మీ పత్రిక ఏప్రిల్ నెలాఖరులో ఒక్క ప్రకటన వేసి ఎక్కడివారు అక్కడ నీడ కొలిచి పంపమంటే, భూమిని కొలిచిన ఘనత పాఠకులకే దక్కుతుంది.

తెలియని సంగతులను తెలియదని రాయడం కూడా అంతే అవసరం. రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వల్ల ఆవులింత వస్తుందని చాలా చోట్ల అచ్చవుతూ ఉంటుంది. 1987లో అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్, ఆయన సహచరులు కొందరికి స్వచ్ఛమైన ఆక్సిజన్, మరికొన్ని సార్లు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కలిపిన గాలి పీల్పించి చూస్తే, ఆవులింతలు తగ్గనూ లేదు, పెరగనూ లేదు. అంటే ఆ పాత వివరణ పరీక్షలో నిలబడలేదు. దాని స్థానంలో అందరూ ఒప్పుకునే వివరణ ఇంకా రాలేదు. రోజూ మన నోటితో మనం చేసే పనికే పూర్తి కారణం ఇంకా తేలలేదని చదివిన పిల్లకు నిరాశ కలగదు, తాను చేయవలసిన పని మిగిలి ఉందని తెలుస్తుంది. గెలాక్సీల అంచుల్లోని నక్షత్రాలు అంత వేగంగా ఎందుకు తిరుగుతున్నాయో వివరించడానికి కంటికి కనిపించని పదార్థం ఉందని అంటున్నారు గానీ, అది దేనితో తయారైందో ఎవరికీ తెలియదు. ఇలాంటి చోట "శాస్త్రవేత్తలు చెబుతున్నారు" అని సర్దేయడం కంటే, ఎంతవరకు తెలుసో గీత గీసి చూపడం మేలు. మెదడులో పది శాతమే వాడుకుంటాము, చంద్రుడి మీది నుంచి చైనా గోడ కనిపిస్తుంది వంటి తప్పు మాటలు అచ్చయినప్పుడు, మరుసటి వారం అదే పేజీలో అదే పరిమాణంలో సవరణ వేయాలని కూడా మనవి చేస్తున్నాను.

ఇదంతా చెప్పడానికి చోటెక్కడిది అని మీరు అడగవచ్చు. వారానికి ఆరు ప్రశ్నలకు నాలుగేసి వాక్యాల జవాబుల కంటే, ఒకే ప్రశ్నకు అర పేజీ జవాబు మంచిదని నా అభిప్రాయం. రాసిన దాన్ని సరిచూసే పండితులకు ఈ నగరంలో కొదవ లేదు. జీవశాస్త్రానికి తార్నాక దగ్గరే సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది. ఆకాశం గురించి అడగడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళశాస్త్ర విభాగం ఉంది; ఆ విభాగానికి మూలమైన నిజామియా వేధశాల గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, ప్రపంచ దేశాలు పంచుకుని చేసిన ఆకాశ పటంలో తన వంతుగా లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి ఇచ్చింది. మన నగరం ఆకాశాన్ని కొలిచిన నగరమని ఇక్కడి పిల్లలకు ఎవరైనా చెప్పాలి కదా.

చివరగా గ్రహణాల విషయం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు హైదరాబాద్‌కు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రవేత్తలు దుర్భిణులు సిద్ధం చేసుకుని ఉంటే, నగరంలో వీధులు నిర్మానుష్యంగా మారాయి. ఇన్నేళ్ళ తరవాత కూడా గర్భిణులను గంటల తరబడి గదిలో కదలకుండా పడుకోబెట్టడం, మంచినీళ్ళు కూడా ఇవ్వకపోవడం మన ఇళ్ళలో జరుగుతూనే ఉంది. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందన్న భయమే అందుకు కారణం. ఆ భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఏ అత్తగారూ వినరు. వినవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఆమె భయం మనవడి మీద ప్రేమ వల్ల కలిగినది. ఆమెకు చెప్పవలసినది పిండం పెరిగే క్రమం. బిడ్డ పైపెదవి గర్భం దాల్చిన నాలుగో వారం నుంచి ఏడో వారం లోపలే అతుక్కుంటుంది, అంగిలి తొమ్మిదో వారం నాటికి దాదాపు పూర్తవుతుంది. ఏడో నెల గర్భిణి కడుపులో ఆ పెదవి ఏర్పడి అప్పటికే నెలలు గడిచిపోయి ఉంటాయి. గ్రహణాలతో సంబంధం లేకుండా ప్రపంచంలోని అన్ని దేశాల్లోనూ ఇలాంటి శిశువులు పుడుతూనే ఉన్నారు, శస్త్రచికిత్సతో వారి పెదవిని చక్కగా సరిచేస్తున్నారు. అయితే గ్రహణ సమయంలో సూర్యుడిని నేరుగా చూస్తే కంటికి ప్రమాదమన్నది మాత్రం నిజం; పాత ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్ళద్దాలు అడ్డుపెట్టుకుని చూడటం కూడా ప్రమాదమే. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, ఎండను దాని గుండా తెల్ల కాగితం మీద పడనిస్తే, సూర్యుడి వైపు వీపు పెట్టి నిలబడి గ్రహణం మొత్తం చూడవచ్చు. వేపచెట్టు కింద నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ ఆ సమయంలో నెలవంకల ఆకారంలోకి మారతాయి.

2027 ఆగస్టు 2న వచ్చే సూర్యగ్రహణం మన దేశంలో పాక్షికంగా కనిపిస్తుంది. దాని గురించిన వివరణ, పెదవి ఏర్పడే వారాల లెక్కతో సహా, గ్రహణం నాటి ఉదయం సంచికలో కాక కనీసం నెల ముందే, పిల్లల పేజీలోనూ స్త్రీల పేజీలోనూ అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్లకుంట, హైదరాబాద్.